గట్టు మీది వానపాములు

దోన్ విల్ఫ్రీదో కారు మలుపు తిరిగి కనిపించేలోపే దాని మోత మా పెరటిదాకా వినిపించింది. నేనూ నాన్నా ఆదివారం ప్రార్థనకీ సంతకీ కింద ఊళ్లోకి వెళ్లి, నాలుగింటి బస్సుకి అప్పుడే తిరిగొచ్చాం. నేనింకా బూట్లు కూడా విప్పలేదు.

"ట్రాక్టరా?" అన్నాడు నాన్న.

ట్రాక్టరు కాదు. నాకు మూడింతల వయసున్న చిన్న నీలం కారు. ఎడమ తలుపు తాడుతో కట్టేసి ఉంది. అందుకని ఆయన కుడివైపు నుంచి విడతలుగా దిగాడు. ముందు ఒక కాలు, తర్వాత పొట్ట, ఆ తర్వాత మెడలో వేలాడే బైనాక్యులరు, ఆఖరున మనిషి.

"దోన్ అల్దెమార్ ఇల్లు ఇదేనా అండీ? కాదన్నారంటే ఇక్కడే కూలబడి ఏడుస్తాను" అన్నాడు. సముద్రం ఒడ్డు మనుషుల మాట అది. సగం అక్షరాలు మింగేసి, మిగిలిన సగం అరిచి చెబుతారు.

"ఇదే, ఇదే. ఏడవకండి, ముందు లోపలికి రండి" అన్నాడు నాన్న.

"అబ్బా, ఇదేం చలండీ బాబూ! మీరు ఇష్టపడే ఇక్కడ ఉంటున్నారా, లేక ఎవరైనా శిక్ష వేశారా?"

నాన్న నవ్వి, తన ఉన్ని రువానా తీసి ఆయన భుజాల మీద కప్పాడు. నాన్నకి మోకాళ్లదాకా వచ్చే ఆ రువానా ఆయన పొట్ట ఎక్కి నడుము దగ్గరే ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది. కొత్తవాళ్ల ముందు నవ్వడం కూడా నాకు చేతకాదు. బెల్లంనీళ్లు కాచడానికి వంటింట్లోకి వెళ్లిపోయాను.

మా ఇంటికి వచ్చేవాళ్లందరూ ఒకే పక్షి కోసం వస్తారు. దాని పేరు తొరొరోయ్. గుడ్డుకి రెండు పొడుగు కాళ్లు అతికించి నిలబెట్టినట్టు ఉంటుంది. తోక ఉందో లేదో తెలియదు. ఎండుటాకుల రంగులో, ఎండుటాకుల మధ్యే, నేల మీద నడుస్తుంది. దాని ఈల రోజూ వింటాం. దాన్ని కళ్లారా చూసినవాళ్లు మా కొండ మీద కూడా పదిమంది లేరు.

ఆ పక్షికి నాన్న రెండేళ్లు తిండి పెట్టాడు. రోజూ తెల్లవారగానే మా అడవి ముక్కలో ఒకే దుంగ మీద వానపాములు పెట్టి, దాని ఈల తను వేసి, దూరంగా కూచునేవాడు. మొదటి ఏడు నెలలు ఆ వానపాముల్ని వేరే పక్షులు తిన్నాయి. అల్దెమార్‌కి మతి చెడిందని ఊరంతా అనుకుంది. ఒకనాటి పొద్దున అది బయటికొచ్చి, నిటారుగా నిలబడి, నాన్నని కిందినుంచి పైదాకా చూసింది. చిన్నప్పుడు నాన్నకి చదువు చెప్పిన దోన్యా ఫిలోమెనా అనే టీచరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని అచ్చం అలాగే చూసేదట. నాన్న చదువు మూడో తరగతితో ఆగిపోయింది కానీ, పక్షికి ఫిలో అన్న పేరు మాత్రం నిలిచిపోయింది.

మా అడవి ముక్కని ఆనుకుని కిందివైపు దోన్ ఫాబ్రిసియానో బంగాళాదుంప పొలం ఉంది. అడవి కూడా కొట్టేసి దుంపలకి ఇమ్మని ఆయన ఏడాదికి రెండుసార్లు అడుగుతాడు. "ఫిలో వస్తున్నంతకాలం ఆ ఊసెత్తకు" అంటాడు నాన్న. మా అమ్మ మనిసాలెస్ పట్నంలో ఒకరింట్లో వంట చేస్తుంది. నెలకి ఒకసారి వస్తుంది. ఫిలోని చూడటానికి జనం ఇంకాస్త పెరిగితే అమ్మ ఆ పని మానేసి వచ్చి, ఇక్కడే వాళ్లకి వండిపెట్టవచ్చు. అడవైనా అమ్మ అయినా, మా ఆశంతా ఆ పిడికెడు పక్షి మీదే ఉంది.

ఇందులో నా పనులు రెండు. వానపాముల పెట్టె చూసుకోవడం, ఫిలో ఎన్నింటికి వచ్చిందో ఎన్ని తిన్నదో నా డైరీలో రాయడం. నాన్నకి రాయడం సరిగా రాదు. చదవడం వచ్చు కానీ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతాడు. ఈల అయితే నాన్న కన్నా నేనే బాగా వేస్తాను. కాకపోతే ఒక్కదాన్నే ఉన్నప్పుడు మాత్రమే. పరాయి మనిషి ఎదురుగా ఉంటే నా పెదాలు ఎండిపోతాయి. మాటయినా అంతే.

వంటింట్లో పొయ్యి పక్కన కూచుని దోన్ విల్ఫ్రీదో బెల్లంనీళ్లలో చీజ్ ముక్క ముంచుకుంటూ కథలు మొదలుపెట్టాడు. నలభై ఏళ్లు నదిలో పడవల ఇంజన్లు బాగుచేశాడట. పని మానేశాక పక్షుల పిచ్చి పట్టుకుందట.

"ఇంటి నుంచి బయల్దేరి ఇరవైమూడు రోజులైందండీ. ఒక్కణ్నే. కొండ విరిగి రోడ్డు మీద పడితే ఒకచోట రెండు రోజులు కారులోనే పడుకున్నా. ఇంకోచోట ఆవు నా అద్దం నాకి నాకి విరగ్గొట్టింది."

"మీ ఆవిడ రాలేదా?" అన్నాడు నాన్న.

"స్వెట్టర్ వేసుకోవాల్సిన ఊరికి నన్ను పిలిస్తే నీతో మాట్లాడనంది. అయినా దానికి పక్షులంటే వేయించినవే ఇష్టం."

ఆయన సంచీలోంచి స్కూలు పిల్లల నోటుపుస్తకం ఒకటి తీశాడు. ఒక్కో పేజీలో ఒక్కో పక్షి. పైన నంబరు, చూసిన చోటు. కింద ఆ పక్షిని చూపించినవాళ్లు రాసిన నాలుగు మాటలు. ఒకచోట ఎవరో వంటావిడ తన సూప్ ఎలా చేయాలో రాసింది. ఒకచోట వేలిముద్ర మాత్రమే ఉంది.

"తొరొరోయ్ ఇందులో లేదు. మూడు ఊళ్లలో మూడుసార్లు వెతికాను. ఒకసారి నా వెనకే, ఇంత దగ్గర, కూసింది. తిరుగుదామనుకున్నాను. తుమ్మొచ్చింది!" ఆయన అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "తొమ్మిదేళ్లయింది. ఆ తుమ్ము ఇప్పటికీ గుర్తొస్తుంది."

"కూత విన్నారుగా, రాసేసుకోవాల్సింది" అన్నాడు నాన్న వేళాకోళంగా.

"అమ్మో! చూసిందే రాయాలి. విన్నది కాదు, అనుకున్నది కాదు." ఆయన నావైపు తిరిగాడు. "నువ్వూ రాస్తావట కదా పాపా? నువ్వేమంటావు?"

నేను తలూపాను. అవుననో కాదనో నాకే తెలియలేదు.

"మా యినెత్‌కి మాటలు తక్కువ, పని ఎక్కువ" అన్నాడు నాన్న. "రేపు చూడండి దాని వానపాముల్ని. ఈ కొండ మీద అంత లావువి ఎవరి దగ్గరా లేవు. రాజుగారి భోజనంలా ఉంటాయి."

ఆ వారం స్కూలుకి సెలవులు. మర్నాడు పొద్దున ఇంకా పూర్తిగా వెలుతురు రాకముందే డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. పేడా, వంటింటి తొక్కలూ వేసి వానపాముల్ని పెంచే చెక్కపెట్టె అక్కడే ఉంటుంది. దాని మీద రేకు మూత లేదు. శనివారం, ఆదివారానికి సరిపడా వానపాముల్ని ముందే తీసి, తొక్కలు వేసి, మూత గోడకి ఆనించాను. అంతలో అమ్మ ఫోన్ వచ్చిందని నాన్న రోడ్డు కంచె దగ్గర నుంచి కేకేస్తే, మూత మాట మర్చిపోయి పరుగెత్తాను. ఆ రాత్రంతా వాన. పెట్టె అంచుదాకా నీళ్లున్నాయి. పైన తెల్లగా నానిపోయిన వానపాములు నాలుగు తేలుతున్నాయి. మిగతావి ఎటుపోయాయో.

"యినెత్! తెచ్చావా తల్లీ? ఆలస్యమైతే మా టీచరమ్మ ఊరుకోదు!" అని నాన్న ముందు వాకిలి నుంచి కేకేశాడు. వెంటనే దోన్ విల్ఫ్రీదో నవ్వు.

లోపలికి వెళ్లి, పెట్టె మునిగిపోయింది, తప్పు నాదే అని ఆయన ముందు చెప్పాలి. ఆ మాట నోట్లో పేర్చుకున్నాను కూడా. బయటికొచ్చింది మాత్రం "ఆ, వస్తున్నా" అనే.

అడవి వైపు నుంచి దిగి దోన్ ఫాబ్రిసియానో పొలం గట్టు దగ్గరికి పరుగెత్తాను. మెత్తటి నల్లమట్టి, ఎప్పుడూ వానపాములుంటాయి. ఆయన దుంపలకి పురుగుమందు వేసినప్పుడు రోడ్డువైపు కంచెకి మందు ఖాళీ సంచి కడతాడు. అది ఉంటే మేం కోళ్లని కూడా అటు పోనివ్వం. శనివారం చూసినప్పుడు సంచి లేదు. నిన్న ఆదివారం. ఆదివారం మా కొండ మీద ఎవరూ మందు ముట్టుకోరు. అందుకని నాకు ఏ అనుమానమూ రాలేదు.

తవ్వే పనే పడలేదు. వానపాములు వాటంతట అవే మట్టి పైకి వచ్చి పడి ఉన్నాయి. వానకి వచ్చాయనుకున్నాను. చేత్తో తీస్తే మెలి తిరగలేదు. చలికి బిగుసుకున్నాయనుకున్నాను. దేవుడే నా పరువు కాపాడాడనుకున్నాను. క్షణంలో డబ్బా నిండింది.

అడవిలో నాన్న ముందు, తర్వాత దోన్ విల్ఫ్రీదో, వెనక నేను. ఆయన బూట్లు బురదలో చప్పుడు చేసినప్పుడల్లా తనే ఉష్ అనుకున్నాడు. దుంగ దగ్గర నాన్న వానపాముల్ని వరసగా పెట్టి, వెనక్కొచ్చి, ఈల వేశాడు. మూడు స్వరాలు, ఆఖరుది కిందికి జారుతుంది.

"రండి దోన్యా ఫిలో, రండి. మీకోసం సముద్రం నుంచి పెద్దమనిషి వచ్చాడు. కాస్త మర్యాద చూపించండి" అన్నాడు గుసగుసగా.

పొదలోంచి జవాబు వచ్చింది. దోన్ విల్ఫ్రీదో చెయ్యి తన నోటి మీదికి వెళ్లింది. తుమ్ము రాకుండా ముక్కు గట్టిగా పట్టుకున్నాడు.

ఫిలో వచ్చింది. రెండు గెంతులు వేసి ఆగింది. దుంగ ఎక్కి, నిటారుగా నిలబడి, మమ్మల్ని ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా చూసింది. తర్వాత ఒక వానపాముని తిన్నది. ఇంకొకటి తిన్నది. ఆ తర్వాత మూడింటిని ముక్కుకి అడ్డంగా పట్టుకుంది, మింగలేదు. వాటితోనే వాగువైపు గెంతుకుంటూ వెళ్లిపోయింది.

నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"చూశావా? మింగలేదు. పిల్లకి తీసుకెళ్తోంది. ఫిలోకి పిల్ల పుట్టింది యినెత్!"

దోన్ విల్ఫ్రీదో కెమెరా మెడలోనే వేలాడుతోంది. ఆయన దాన్ని ముట్టుకోనేలేదు. కళ్లద్దాలు ఆవిరి పట్టి ఉన్నాయి. వాటి కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. "తుమ్మలేదు" అన్నాడు. "చూశారా దోన్ అల్దెమార్, ఈసారి తుమ్మలేదు."

డైరీ తీసి రాశాను. ఆరు పది. వచ్చింది. రెండు తిన్నది, మూడు పిల్లకి.

ఇంటికొచ్చి నేను మొక్కజొన్న అరేపాలు కాలుస్తుంటే దోన్ ఫాబ్రిసియానో వాకిట్లోకి వచ్చాడు. టోపీ వెనక్కి తోసుకుని, లోపలికి తొంగిచూసి, "ఏం, అతిథిగారికి కోడిపిల్ల కనిపించిందా?" అన్నాడు. ఫిలోని ఆయన ఎప్పుడూ కోడిపిల్ల అనే అంటాడు.

"కనిపించింది, కళ్లనీళ్లు కూడా పెట్టించింది" అన్నాడు నాన్న. "కాఫీ తాగుతావా?"

"వద్దులే. చెప్పిపోదామని వచ్చా. మీ కోళ్లని నా వైపు రానివ్వకండి. నిన్న మధ్యాహ్నం మందు వేశాను."

"ఆదివారమా? సిగ్గులేదూ!"

"వారమంతా వాన ఆగిందా? నిన్న ఒక్కపూట తెరిపిచ్చింది. దుంపపురుగు ఆదివారం సెలవు తీసుకోదు కదయ్యా. ఫాదర్‌గారికి నేను చెప్పుకుంటాలే. గట్టు చివరిదాకా చల్లాను, జాగ్రత్త."

నాన్న ఫాదర్‌గారి మీద ఏదో జోకు వేశాడు. ముగ్గురూ నవ్వారు. పెనం మీద అరేపా మాడుతున్న వాసన నాకు వస్తూనే ఉంది. చెయ్యి మాత్రం కదల్లేదు.

నాన్నకి ఆ వానపాములు ఎక్కడివో తెలియదు. దోన్ ఫాబ్రిసియానోకి మా పెట్టె సంగతి తెలియదు. ఆ వాకిట్లో రెండు ముక్కలూ తెలిసింది నాకొక్కదానికే. దోన్ ఫాబ్రిసియానో టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. నాన్న కారుకి నీళ్లు పొయ్యడానికి వెళ్లాడు.

దోన్ విల్ఫ్రీదో నోటుపుస్తకం నా ముందు పెట్టాడు. "రాయి పాపా. నాలుగు మాటలు. నీ ఇష్టం వచ్చింది."

పేజీ పైన తొరొరోయ్ అని రాసి, నంబరు దగ్గర ఖాళీ వదిలాడు. నంబరు ఎప్పుడూ ఆఖరున వేస్తాడట.

ఆయన ఎదురుగా ఉంటే రాయలేనని కనిపెట్టాడేమో, బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లాడు. నేను పెన్ను తీసుకున్నాను. మంచిమాటలు రాద్దామనే మొదలుపెట్టాను. చెయ్యి అవి రాయలేదు. రాసి, పుస్తకం మూసి, ఆయన సంచీలో నేనే పెట్టేశాను.

"రాశావా? దారిలో చదువుకుంటాలే. అది నాకు పండగ" అన్నాడు ఆయన. తలుపు తాడు ముడి బిగించుకుని, హారన్ మూడు స్వరాల్లో మోగించి, ఆఖరుది కిందికి జార్చబోయి కుదరక, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

నేను అడవిలోకి పరుగెత్తాను. దుంగ మీద మిగిలిన వానపాముల్ని ఏరి డబ్బాలో వేసి మూత పెట్టాను. ఆరు ఉన్నాయి. పొద్దున పదకొండు పెట్టాం. అప్పుడు ఈల వేశాను. ఎవరూ లేరు కదా, బాగానే వచ్చింది. మళ్లీ వేశాను. వాగు దాకా వెళ్లి వేశాను. ఫిలో ఆ సమయంలో ఎలాగూ రాదు, పొద్దున ఒక్కసారే వస్తుంది. అది తెలిసే వేస్తూ ఉన్నాను. రాకపోవడానికి ఆ కారణం ఒకటి ఉందనుకుంటే కాస్త ఊపిరి ఆడింది.

ఇంటికొచ్చాక నాన్నకి చెబుదామని మూడుసార్లు ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన కోళ్లని గూట్లోకి తోలుతూ ఈల వేసుకుంటున్నాడు. "పిల్ల కాస్త పెద్దదయ్యాక దాన్ని కూడా వెంట తెస్తుంది చూడు. అప్పుడు మీ అమ్మకి ఫోన్ చేసి, సంచీ సర్దుకో అంటాను" అన్నాడు. నేను నీళ్లు తాగి వచ్చేశాను.

మధ్యాహ్నం మూడింటికి మళ్లీ ఆ మోత వినిపించింది. కింద లోయలో మొదలై, మలుపు మలుపుకీ పెరిగి, మా వాకిట్లో ఆగింది. ఈసారి ఆయన విడతలుగా దిగలేదు. ఒక్కసారే దిగాడు. చేతిలో నోటుపుస్తకం ఉంది.

"ఏం మర్చిపోయారు?" అన్నాడు నాన్న.

"రెండు ఊళ్లు దాటి సూప్ తాగుదామని ఆగాను. నంబరు వేసేముందు చదవడం అలవాటు." ఆయన నావైపు చూశాడు. కోపంగా కాదు. కోపమైతే బాగుండేది. "పాపా, మీ నాన్నకి తెలుసా?"

నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన పుస్తకం తెరిచి నాన్న చేతికిచ్చాడు. నాన్న వాకిట్లో బల్ల మీద కూచుని, మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు. ఎప్పటిలాగే బయటికి చదివాడు.

"దోన్... విల్ఫ్రీదో... ఈరోజు ఫిలో తిన్న... వానపాములు... పెట్టెలోవి కావు. పెట్టె... మునిగిపోయింది. అవి... గట్టు మీద తీశాను." అక్కడ వేలు ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. "గట్టు మీద... తీశాను. నిన్న మందు వేశారని... నాకు తెలియదు. నాన్నతో... చెప్పలేకపోయాను. మీరు దాన్ని... చూసినందుకు... సంతోషం. యినెత్."

పుస్తకం మూశాడు.

"మూత ఎవరు తీశారు?"

"నేనే."

"ఊఁ" అన్నాడు. లేచి టోపీ పెట్టుకున్నాడు.

ముగ్గురం అడవిలోకి బయల్దేరాం. దోన్ విల్ఫ్రీదో ముందు రోడ్డు పక్క కంచె దగ్గరికి వెళ్లాడు. మా దగ్గర సిగ్నల్ వచ్చేది అక్కడే. పశువులకీ పక్షులకీ వైద్యం చేసే స్నేహితుడెవరో ఉన్నాడట సముద్రం ఒడ్డున. ఆ స్నేహితుడితో ఫోన్‌లో అరుస్తున్నాడు. "పిడికెడు పక్షయ్యా! అవును, ఐదు! రెండు ఇది తిన్నది, మూడు పిల్లకి... అయితే ఏం చెయ్యాలి? ఏదో ఒకటి చెప్పు మరి!" తర్వాత ఊరికే వింటూ నిలబడ్డాడు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ ఉంటే ఆయన పక్కనే మందు సంచి కంచెకి వేలాడుతూ కనిపించింది.

"ఏమన్నాడు?" అడిగాడు నాన్న.

"ముందు దొరకాలి కదా అన్నాడు. దొరికితే మాత్రం ఏం చేస్తావన్నాడు."

చీకటి పడేదాకా వెతికాం. వాగు పక్క పొదల కింద, నాచు పట్టిన బండల వెనక, మోకాళ్ల మీద పాకుతూ వెతికాం. గూడు ఎక్కడో నాన్నకి తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదట, చూస్తే భయపడి వదిలేస్తుందని. ప్రతి ఎండుటాకూ ఫిలోలాగే ఉంది. దోన్ విల్ఫ్రీదో ఒకచోట "ఇదిగో" అని గట్టిగా అరిచాడు. మేం పరుగెత్తాం. కుళ్లిన కొమ్మ ముక్క.

నాన్న ఈల వేస్తూనే ఉన్నాడు. చివరికి గాలి తప్ప స్వరం రావడం లేదు. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. నా వంక చూశాడు.

"నువ్వు వెయ్యి తల్లీ."

దోన్ విల్ఫ్రీదో పక్కనే ఉన్నాడు. నా పెదాలు ఎండిపోలేదు. వేశాను. మూడు స్వరాలూ సరిగ్గా పడ్డాయి, నేను ఒక్కదాన్నే ఉన్నప్పటి కన్నా బాగా. ముగ్గురం విన్నాం. ఆకుల మీంచి నీటిబొట్లు రాలాయి. అంతే.

ఇంటికి వచ్చేదారిలో నాన్న నా ముందు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే, "నాతో చెప్పొచ్చుగా" అన్నాడు. తిట్టినట్టు లేదు. దారి అడిగినట్టు ఉంది.

మర్నాడు దోన్ విల్ఫ్రీదో కూడా ఉన్నాడు. పక్క ఊరి పాలకేంద్రం వెనక పేడకుప్పలోంచి వానపాములు తెచ్చాను. ఒక్కోదాన్ని వేలితో ముట్టుకుని, మెలి తిరిగితేనే డబ్బాలో వేశాను. ఆరు పదికి ఈల వేశాం. ఆరున్నరకి వేశాం. ఏడున్నరకి వాగు అవతలి నుంచి ఒక తొరొరోయ్ కూసింది. నాన్న గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అది ఫిలోనా?" అన్నాడు దోన్ విల్ఫ్రీదో.

నాన్న చాలాసేపు విన్నాడు. "జతది కావచ్చు. వేరేది కావచ్చు" అన్నాడు. రెండేళ్లు దానితో మాట్లాడిన మనిషి, గుర్తుపట్టలేకపోయాడు.

దోన్ విల్ఫ్రీదో వెళ్లేటప్పుడు నేను కారు దాకా వెళ్లాను. నాన్న రువానా ఇంకా ఆయన మీదే ఉంది. నాన్న తీసుకోనన్నాడు. నేను ఆయనతో మొదటి మాట అప్పుడు మాట్లాడాను.

"మీరు చూశారుగా. నంబరు వేసుకోండి."

"చూశాను పాపా." స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. "అది మళ్లీ వచ్చిందని నువ్వు ఫోన్ చెయ్యి. అప్పుడు వేస్తా."

ఈ సంగతి తెలిసిన రోజు దోన్ ఫాబ్రిసియానో టోపీ చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. "నాకు తెలిస్తే ఒక్క కేక వేసేవాణ్ని కదయ్యా, ఒక్క కేక" అంటూ అదేమాట నాలుగుసార్లు అన్నాడు. ఫిలోని కోడిపిల్ల అనలేదు. ఐదు వారాలు అడవి ఊసెత్తలేదు. ఆరోవారం కంచె మీద మోచేతులు ఆనించి, "ఆ ముక్క గురించి ఏమనుకుంటున్నావు?" అన్నాడు మెల్లగా. నాన్న వాన గురించి మాట్లాడాడు. ఇంతకుముందు ఆ మాటకి నాన్న ఎప్పుడూ మాట మార్చలేదు.

రావాల్సినవాళ్లకి నాన్న ఫోన్ చేసి రావద్దని చెప్పాడు. నెలాఖరుకి అమ్మ వచ్చింది, రెండు రోజులుండి వెళ్లింది. సంచీ సర్దుకోమన్న మాట ఎవరూ అనలేదు. దోన్ విల్ఫ్రీదో ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. "ఏమైనా?" అంటాడు. "ఇంకా లేదు" అంటాడు నాన్న. తర్వాత ఇద్దరూ చలి గురించి మాట్లాడుకుంటారు.

పెట్టెలో మళ్లీ వానపాములు పెరిగాయి. మూత మీద రెండు రాళ్లు పెడుతున్నాను. రోజూ పొద్దున నేనే వెళ్తున్నాను. దుంగ మీద పదకొండు వానపాములు వరసగా పెట్టి, ఈల వేసి, స్కూలుకి టైమయ్యేదాకా కూచుంటాను. డైరీ తీసి, ఆరు పది, రాలేదు అని రాస్తాను. నలభై ఒక్క రోజులుగా ఆ మాటే ఉంది.

స్కూలు నుంచి వచ్చేటప్పుడు మళ్లీ అటు వెళ్లి చూస్తాను. ఒక్కోరోజు వానపాములు అలాగే ఉంటాయి, ఎండి దుంగకి అతుక్కుపోయి. ఒక్కోరోజు ఒక్కటీ ఉండదు. ఏదో పక్షి తినుండవచ్చు. ఎలుక తినుండవచ్చు. నాన్న అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆయన "ఊఁ" అని, వాగువైపు చూస్తాడు.

డైరీలో మాత్రం అది రాయను. నేను చూడలేదు కదా.